పశుపక్షుల ప్రాణదాత లూయీ పాశ్చరు

మన పల్లెలలో ఇంటికి సిరి పశువు. ఎద్దుల జతలో ఒకటి చచ్చినచో కాపువాని సేద్యము నిలిచిపోవును. పాడిగేదె చచ్చిన యింట పసిపిల్లలకు పాలుండవు. పెరటిలో నాలుగు కోళ్లను పెంచుకొను బీదరాలికి ఆ కోళ్లే ధనము. నిన్నటి సాయంకాలము కడుపునిండ మేసి నెమరువేసిన పశువు తెల్లవారునప్పటికి ముక్కునుండి నల్లని నెత్తురు కారుచు కొట్టములో పడియుండుట చూచి, తన తలవ్రాత యని నుదురు కొట్టుకొనుట తప్ప రైతు మఱేమియు చేయజాలని కాలము పెక్కు శతాబ్దములు నడచెను. అది తలవ్రాత కాదనియు, కంటికి కానరాని యొక చిన్నజీవి చేయు పని యనియు, ఆ జీవినే సాధువుగా మార్చి దానికి విరుగుడుగా వాడవచ్చుననియు లోకమునకు చూపిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రాంసుదేశస్థుడగు లూయీ పాశ్చరు. ఇతడు పశువైద్యుడు కాడు, మనుష్యుల వైద్యుడును కాడు. రసాయనశాస్త్రము నేర్చిన యొక ఉపాధ్యాయుడు. అట్టివాడు గొఱ్ఱెల దొడ్డిలోనికిని కోళ్లగూటిలోనికిని ఎట్లు వచ్చెనో, వచ్చి యేమి సాధించెనో తెలిసికొనుట విద్యార్థులకు మిక్కిలి మేలు.

పాశ్చరు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఫ్రాంసుదేశపు తూర్పుభాగమున జూరా కొండసీమలోని దోల్ అను పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యములో సార్జెంటుగా పనిచేసి గౌరవపతకము పొందినవాడు. యుద్ధములు ముగిసిన పిమ్మట అతడు తోళ్లను పదును చేయు తన కులవృత్తికే మరలెను. లూయీ పసితనముననే ఆ కుటుంబము ఆర్బ్వా అను చిన్న యూరికి చేరి ఏటి యొడ్డున కాపురముండెను. బాలుడు చదువునందు చురుకైనవాడని పేరు పొందలేదు. చేపలు పట్టుటయందును, రంగుకణికలతో బొమ్మలు గీయుటయందును వానికి మక్కువ యెక్కువ. తన తల్లిదండ్రులను, ఇరుగుపొరుగువారిని అతడు గీసిన చిత్రములు నేటికిని నిలిచియున్నవి. ఏ చిన్న గీతను గూర్చియు తొందరపడక, ఉన్నదున్నట్లు చూచి దింపు ఆ యలవాటే తరువాత శాస్త్రపరిశోధనలో వానికి పెట్టుబడి యయ్యెను.

1838లో, పదునాఱేండ్లు నిండక మునుపే, చదువునకై వానిని పారిసు నగరమునకు పంపిరి. కాని ఇంటిమీది బెంగచేత బాలుడు చిక్కిపోయెను. కొన్ని వారములకే తండ్రి వచ్చి వెంటబెట్టుకొని పోవలసివచ్చెను. ఈ యోటమికి సిగ్గుపడి అతడు చదువు మానలేదు. దగ్గఱనున్న బెజాన్సన్ పట్టణమున చదివి పరీక్షల నిచ్చెను. 1842లో సైన్సు పట్టపరీక్ష నిచ్చినపుడు రసాయనశాస్త్రములో పరీక్షకులు వానిని సామాన్యుడని వ్రాసిరి. ఆ యేటనే పారిసులోని ఉత్తమ ఉపాధ్యాయ కళాశాల ప్రవేశపరీక్షలో గెలిచెను గాని వరుసలో చాల దిగువనుండెను. ప్రవేశించుటకు అర్హత యున్నను ఆ స్థానముతో తృప్తిపడక, మఱియొక సంవత్సరము చదివి 1843లో పైవరుసను నిలిచి కళాశాలలో చేరెను. సామాన్యుడని పరీక్షకులు వ్రాసిన ఆ శాస్త్రముననే కొద్దికాలమునకు దేశములోని ప్రముఖులలో నొకడయ్యెను.

1848లో ద్రాక్షసారాయి పీపాలలో పేరుకొను ఒక యామ్లపు స్ఫటికములను పరీక్షించి, అవి కుడిచేయి యెడమచేయి వలె ఒకదాని కొకటి ప్రతిబింబములుగా రెండు విధములున్నవని ఇతడు కనిపెట్టెను. మఱుసటి సంవత్సరము స్ట్రాస్‌బర్గు విద్యాపీఠమున ఆచార్యుడై యుండగా ఆ విద్యాపీఠాధికారి కుమార్తె మరీ లోరాను వివాహమాడెను. ఆమె భర్త చెప్పినది వ్రాసిపెట్టుచు, ఆయన ప్రయోగములను తెలిసికొనుచు, జీవితాంతము వానికి తోడునీడగా నుండెను. 1854లో లీల్ నగరమునకు మారిన పిమ్మట అచ్చటి బట్టీదారులకు కలిగిన నష్టమునకు కారణము వెదకబోయి, పులియుట యనునది సూక్ష్మజీవుల పనియని స్థాపించెను. ఆ జీవులు తమంతట తాము పుట్టవనియు, గాలిలోని దుమ్ముతో వచ్చి పడుననియు, హంసమెడవలె వంచిన గాజుబుడ్లలో రసమును కాచి చూపి వాదము తీర్చెను. పాలు పులియుటకు ఒక సూక్ష్మజీవి కారణమైనచో దేహమునకు వచ్చు రోగమునకు మఱియొక సూక్ష్మజీవి కారణము కారాదా యను ప్రశ్న అప్పుడే వాని మనస్సులో నాటుకొనెను.

ఆ ప్రశ్నకు మొదటి జవాబు పట్టుపురుగులలో దొరకెను. 1853లో ఫ్రాంసుదేశమున సుమారు 2 కోట్ల 60 లక్షల కిలోగ్రాముల పట్టుకాయలు పండుచుండగా, 1865నాటికి అది 40 లక్షలకు పడిపోయెను. పురుగులమీద మిరియపుపొడి చల్లినట్లు నల్లని మచ్చలు లేచి అవి గూడు కట్టకమునుపే చచ్చుచుండెను. దక్షిణప్రాంతపు గ్రామములు తిండికి కరవయ్యెను. పాశ్చరు అదివఱకు పట్టుపురుగును చేత పట్టి యెఱుగడు. అయినను గురువగు ద్యూమా యడుగగా కాదనలేక 1865లో అలే పట్టణమునకు పోయెను. అయిదేండ్లు ఆ పనిలో గడచెను. మొదట పొరబడి త్రోవ తప్పెను. తుదకు అది యొక సూక్ష్మమైన పరాన్నజీవి వలన కలుగు వ్యాధియనియు, దానితోపాటు వేఱొక వ్యాధియు కలసియున్నదనియు గ్రహించెను. గ్రుడ్లు పెట్టిన ఆడచిలుకను నూఱి సూక్ష్మదర్శినితో చూచి, దాని దేహమున ఆ జీవి కనబడినచో ఆ గ్రుడ్లను కాల్చివేయవలెను; కనబడనిచో విత్తనముగా నుంచుకొనవలెను. పాఠశాలకు పోవు పిల్లలు సయితము నేర్చుకొనదగినంత సులభమైన ఈ యుపాయము నేటికిని పట్టుపురుగుల గ్రుడ్లు తయారుచేయు కేంద్రములలో వాడుకలో నున్నది.

ఆ యేండ్లు వాని యింట శోకకాలము. 1859లో పెద్దకుమార్తె జాన్ సన్నిపాతజ్వరముచే చనిపోయియుండెను. 1865లో తండ్రియు, రెండేండ్ల కామీయును, 1866లో పండ్రెండేండ్ల సెసీలును మరణించిరి. అయిదుగురు బిడ్డలలో ఇద్దఱే మిగిలిరి. 1868 అక్టోబరులో నలువదియైదవ యేట పాశ్చరునకు పక్షవాతము వచ్చి ఎడమచేయి, ఎడమకాలు పట్టుదప్పెను. బ్రదుకుట కష్టమని వైద్యులు తలచిరి. అతడు మంచముమీదనుండియే పట్టుపురుగులను గూర్చిన వ్యాసమును చెప్పి వ్రాయించెను. కాలీడ్చుకొనుచు నడచినను, అటుపై ఇరువదియేడు సంవత్సరములు బ్రతికి తన ముఖ్యకార్యములలో పెక్కింటిని ఆ వికలదేహముతోనే చేసెను. బిడ్డలను తీసికొనిపోయిన అంటురోగముల రహస్యము తెలిసికొనవలె నను పట్టుదల వానికి ఎంత గాఢమై యుండునో మనము ఊహింపవచ్చును.

ఇక పశువుల విషయము. గొఱ్ఱెలను ఆవులను ఆకస్మికముగా చంపు దొమ్మరోగము ఐరోపాఖండమున రైతులకు యమదూతగా నుండెను. దీనిని ఆంత్రాక్సు అందురు. చచ్చిన పశువు నెత్తురు నల్లబడి చిక్కగా నుండును, ప్లీహము ఉబ్బియుండును. ఆ నెత్తుటిలో పుల్లలవంటి జీవులున్నవని దవేను మొదలగువారు ముందే చూచిరి. ఆ పుల్లలే రోగకారణమని 1876లో జర్మనుదేశపు పల్లెవైద్యుడగు రాబర్టు కోక్ నిరూపించెను. అవి గాలి తగిలినపుడు గట్టి విత్తులవంటి రూపము దాల్చి చిరకాలము నిలుచునని కూడ అతడే కనిపెట్టెను. పాశ్చరు 1877లో ఈ పని చేపట్టి, ఒక్కొక్క బొట్టును క్రొత్త రసములోనికి వరుసగా అనేక పర్యాయములు మార్చుచు, మొదటి నెత్తుటి జాడయైనను మిగులకుండ పలుచబఱచినను తుదిబొట్టు కూడ పశువును చంపునని చూపెను. దీనితో సూక్ష్మజీవి తప్ప వేఱు కారణము లేదని తేలిపోయెను.

కోళ్లకు మాత్రము దొమ్మరోగము సోకదు. ఎందువలన? కోడి దేహపు వేడిమి 41, 42 డిగ్రీలుండును. ఆ వేడిమిలో ఈ జీవి చక్కగా పెరుగజాలదేమో యని పాశ్చరు తలచెను. ఒక కోడికి రోగబీజమెక్కించి, కాళ్లు మునుగునట్లు చల్లని నీటిలో నిలిపెను. దాని దేహము చల్లబడి, మఱునాడు దొమ్మరోగముతో చచ్చెను. బీజమెక్కింపక నీటిలో నుంచిన కోడియు, బీజమెక్కించి నీటిలో నుంచని కోడియు బ్రతికెను. ఇంకొక కోడికి రోగము ముదిరిన తరువాత నీటినుండి తీసి వెచ్చగా దూదిలో చుట్టగా అదియు తేరుకొనెను. పశువైద్య కళాశాలాచార్యుడగు కొలెన్ అను ప్రతివాది యెదుట 1878లో ఆ కోళ్లనే వైద్యపరిషత్తునకు తీసికొనిపోయి బల్లమీద నుంచి చూపెను. ఒక్క మార్పుచేత ఏమి జరుగునో, ఆ మార్పు లేనిచో ఏమి జరుగునో ప్రక్కప్రక్కనే నిలిపి చూపుట ఇతని పద్ధతి. ఈ ప్రయోగమును మన విద్యార్థులు మనస్సున నిలుపుకొనదగును.

ఆ కాలముననే బోస్ మైదానమున షార్త్రు పట్టణసమీపమున కొన్ని పొలములు శాపగ్రస్తములని పేరుపడియుండెను. మేతకై అందు విడిచిన గొఱ్ఱెలు ఏటేట చచ్చుచుండెను. పాశ్చరు శిష్యులతో ఆ పొలములలో తిరుగుచు ఒకచోట నేల రంగు వేఱుగా నుండుట కనిపెట్టెను. చచ్చిన గొఱ్ఱెలను అచ్చట పూడ్చితిమని రైతు చెప్పెను. ఆ నేలమీద వానపాములు వెడలగ్రక్కిన మట్టి యుండలు చాల కనబడెను. ఆ మట్టిని పరీక్షింపగా అందు దొమ్మరోగపు విత్తులుండెను. గోతిలోని విత్తులను వానపాములు మీదికి తెచ్చుచున్నవనియు, ముండ్లగడ్డి నమలినపుడు నోటిలో గాయములైన పశువునకు అవి సులభముగా నెక్కుచున్నవనియు అతడు తెలిపెను. శాపము పోయి కారణము దొరకెను. చచ్చిన పశువును మేతబీళ్లలో పూడ్చరాదని రైతులకు చెప్పెను. ఈ రోగముతో చచ్చిన పశువును కోయరాదు, తోలు ఒలువరాదు అనునది నేటికిని పశువైద్యులు చెప్పు మాట. కోసినచో గాలి తగిలి ఆ జీవులు విత్తులై నేలలో ఏండ్లకొలది నిలుచును. కోసినవానికిని ఆ రోగము సోకును.

ఇట్లుండగా కోళ్ల కలరా యను వ్యాధి యితనిని పిలిచెను. ఈ వ్యాధి తగిలిన కోడి ఈకలు విదిర్చుకొని, రెక్కలు వ్రేలవేసి, మగతగా కూర్చుండి లేవలేక చచ్చును. ఒకటి చచ్చిన యింట కొలది దినములలో గూడంతయు ఖాళీయగును. ఈ రోగపు సూక్ష్మజీవిని ఇటలీలో పెర్రొన్చీతోయు, ఫ్రాంసులో తూలూజు పశువైద్య పాఠశాలాచార్యుడగు ఆన్రీ తూసెనును చూచియుండిరి. తూసెను తన నమూనాను పాశ్చరునకు పంపెను. పాశ్చరు దానిని కోడిమాంసపు రసములో శుద్ధముగా పెంచెను. ఆ రసము ఒక్క బొట్టు రొట్టెముక్కపై వేసి తినిపించినను కోడి చచ్చును. దాని రెట్టలద్వారా తక్కిన కోళ్లకు నంటును.

1879, 1880 సంవత్సరములలో జరిగిన సంగతి లోకప్రసిద్ధము. చాలదినములు అట్లే నిలువయున్న పాతరసమును కోళ్లకు ఎక్కింపగా అవి కొంచెము జబ్బుపడి తేరుకొనెను. తరువాత వానికే క్రొత్తదగు తీవ్రరసము నెక్కించినను చావలేదు. కొత్తగా తెచ్చిన కోళ్లు మాత్రము అదే రసముతో చచ్చెను. సెలవులలో మఱచిపోయిన గాజుబుడ్డివలన ఒక్కదినములో ఈ యదృష్టము కలిగెనని కథగా చెప్పుదురు. పాశ్చరు స్వహస్తముతో వ్రాసిన ప్రయోగపుస్తకములను ఇటీవల పరిశీలించిన పండితులు అది నెలలతరబడి జరిగిన ఓపికగల శ్రమయనియు, అందు శిష్యుడగు ఎమీల్ రూ పాత్ర గొప్పదనియు తేల్చిరి. అదృష్టము వచ్చినను దానిని గుర్తించు కన్ను ఉండవలెను గదా! ఆవుమశూచి మూలమున మశూచికమును నివారించిన జెన్నరు వైద్యుడు ప్రకృతిలో దొరకిన సాధుబీజమును వాడెను. పాశ్చరు అంతకంటె ముందడుగు వేసి, తీవ్రబీజమును ప్రయోగశాలలోనే సాధువుగా మార్చవచ్చునని చూపెను. గాలి తగులుచు చిరకాలముంచినచో ఆ జీవి క్రూరత తగ్గునని 1880లో ప్రకటించెను. జెన్నరు గౌరవార్థము ఇట్టి మందులన్నిటికిని టీకా యను పేరే వాడవలెనని 1881లో లండను మహాసభలో ప్రతిపాదించిన వాడును ఇతడే.

ఇక దొమ్మరోగమునకు టీకా కావలెను. ఇందు తూసెనే ముందుపడెను. 1880 జూలైలో అతడు రోగపునెత్తుటిని 55 డిగ్రీల వేడిమిలో నుంచి, తరువాత కార్బాలికామ్లము కలిపి టీకామందు చేసి కొన్ని గొఱ్ఱెలను కాపాడెను. పాశ్చరునకు ఈ వార్త రుచింపలేదు. చంపిన బీజముతో రక్షణ కలుగునని అతడు నమ్మలేదు. గాలిలో 42, 43 డిగ్రీల వేడిమియందు పెంచినచో దొమ్మరోగపు జీవి విత్తులు పట్టక దినదినము సాధువగునని కనిపెట్టి, 1881 ఫిబ్రవరిలో ప్రకటించెను. మెలన్ పట్టణపు వ్యవసాయసంఘము వెంటనే బహిరంగపరీక్షకు రమ్మని పిలిచెను. అందుకు ప్రేరకుడు రొసిన్యోల్ అను పశువైద్యుడు. సూక్ష్మజీవుల సిద్ధాంతమును తన పత్రికలో ఎగతాళి చేసిన వాడతడే. పాశ్చరు వెనుదీయలేదు. ఏ పశువు చచ్చునో ఏది బ్రతుకునో ముందుగానే వ్రాసియిచ్చెను. ఇంత ధైర్యము అవసరమా యని శిష్యులే భయపడిరి.

పూయీ-ల-ఫోర్ అను గ్రామమున రొసిన్యోలుగారి దొడ్డియే ఆ పరీక్షారంగము. మే 5వ తేదీన 24 గొఱ్ఱెలకును, ఒక మేకకును, ఆఱు గోవులకును మొదటి టీకా వేసిరి. మే 17న రెండవది వేసిరి. వేఱు 24 గొఱ్ఱెలకును, ఒక మేకకును, నాలుగు గోవులకును ఏమియు వేయలేదు. మే 31న టీకా పొందిన వానికిని పొందని వానికిని అన్నిటికి తీవ్రమైన రోగబీజము నెక్కించిరి. బుడ్డిని బాగుగా కుదుపవలెననియు, మోతాదు హెచ్చింపవలెననియు, టీకా పొందినదానికి నొకటి పొందనిదానికి నొకటిగా మార్చి మార్చి వేయవలెననియు అనుమానపరులు కోరిరి. పాశ్చరు అన్నిటికి ఒప్పుకొనెను.

మఱునాడు టీకా పొందిన గొఱ్ఱె యొకటి జ్వరముతో నున్నదని వార్త వచ్చెను. పాశ్చరు ధైర్యము సడలెను. తప్పు రూదే యని నిందించి, నవ్వులపాలగుటకు అతడొక్కడే పోవలెనని కోపించెనట. భార్య వానిని ఊరడించెను. తెల్లవారిన తరువాత శుభవార్తతో తంతి వచ్చెను. జూన్ 2వ తేదీ మధ్యాహ్నము పాశ్చరు దొడ్డిలో అడుగుపెట్టునప్పటికి రైతులు, పశువైద్యులు, అధికారులు, పత్రికలవారు గుంపుగూడి యుండిరి. టీకా పొందని గొఱ్ఱెలలో 21యు, మేకయు చచ్చి వరుసగా పడియుండెను. చూచుచుండగనే మఱి రెండు కూలెను; మిగిలిన యొకటి ఆ సాయంకాలమునకు చచ్చెను. టీకా పొందని గోవులు నాలుగును వాచి జ్వరపడెను. టీకా పొందిన వన్నియు మేత మేయుచుండెను. తరువాత వానిలో చూడిగొఱ్ఱె యొకటి మాత్రము చచ్చెను; దాని కడుపులో పిల్ల ముందే చచ్చియుండెను. ఎగతాళి చేసినవారే కరతాళధ్వనులు చేసిరి.

విజయము నిజము. కాని ఆ విజయమున దాగిన సంగతి యొకటి కలదు. ఆ దినమున వాడిన టీకామందు పాశ్చరు ప్రకటించిన గాలిపద్ధతిచే చేసినది కాదు. శిష్యుడగు షాంబర్లాను పొటాసియం బైక్రోమేటు అను రసాయనమును కలిపి చేసినది. అది తూసెను త్రోవకే దగ్గఱ. పాశ్చరు ఈ మాట బహిరంగముగా చెప్పలేదు. తన పద్ధతియే వాడినట్లు లోకము అనుకొనునట్లు వ్రాసెను. మేనల్లుడును సహాయకుడునగు అద్రియన్ ల్వార్ 1938లో ఈ రహస్యమును వెలిబుచ్చెను. కుటుంబమువారు దాచియుంచిన ప్రయోగపుస్తకములు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పండితులకు లభ్యములై అది సత్యమని తేలెను. తూసెను రోగపీడితుడై 1890లో నలువదిమూడవ యేట మరణించెను. అతనికి రావలసిన కీర్తిలో కొంత పాశ్చరు నీడలో మఱుగుపడెను. మహాపురుషుని కథ చెప్పునపుడు ఈ లోపమును దాచుట మర్యాద కాదు. గొఱ్ఱెలను బ్రతికించిన చేతులే తోడి పరిశోధకుని పట్ల న్యాయము తప్పినవి. రెండును నిజములే.

టీకా మాత్రము దేశదేశముల వ్యాపించెను. 1894నాటికి ఫ్రాంసులో సుమారు 34 లక్షల గొఱ్ఱెలకును 4 లక్షలకు పైగా గోవులకును దీనిని వేసిరి. ఏటేట నూటికి పది చచ్చుచుండిన గొఱ్ఱెలలో టీకా తరువాత నూటికి ఒకటియైన చావలేదు. అపజయములును లేకపోలేదు. 1882లో ఇటలీలోని తూరిన్ పశువైద్య పాఠశాలలో టీకా పొందిన గొఱ్ఱెలు కూడ చచ్చెను. పరీక్షకు వాడిన నెత్తురు కుళ్లినదని పాశ్చరు వాదించెను, వారు ఒప్పుకొనలేదు. క్రమముగా మంచి మందులు వచ్చెను. 1930 తరువాతి దశాబ్దమున దక్షిణాఫ్రికాలో స్టెర్ను అను పశువైద్యుడు కనిపెట్టిన టీకా పాశ్చరు టీకా స్థానము నాక్రమించి నేటికిని వాడుకలో నున్నది. శాస్త్రమున గురువును మించిన శిష్యులు కలుగుటయే గురువునకు గౌరవము.

కోళ్ల కలరాకు సంబంధించి మఱియొక చిత్రమైన కథ కలదు. ఆస్ట్రేలియాలో కుందేళ్లు లెక్కకు మిక్కిలియై పైరులను పచ్చికను నాశనము చేయుచుండగా, వానిని నిర్మూలించు ఉపాయము చెప్పినవారికి 25,000 పౌనుల బహుమానమిత్తుమని 1887లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించెను. కోళ్ల కలరా బీజమును కుందేళ్లమీదికి వదలవచ్చునని పాశ్చరు తలచి మేనల్లుని అచ్చటికి పంపెను. ఇతర పక్షులకు ముప్పు కలుగునని విచారణసంఘము అంగీకరింపలేదు. బహుమానము రాలేదు. కాని అచ్చటి గొఱ్ఱెల మందలలో ప్రబలియున్న వ్యాధి దొమ్మరోగమే యని తెలిసి, కుందేళ్లను చంప పోయిన మేనల్లుడు గొఱ్ఱెలకు టీకా వేసి బ్రతికించెను. చంపుటకంటె బ్రతికించుటయే ఆ విద్యకు తగిన పని.

పందుల నెఱ్ఱబఱచి చంపు వ్యాధిని 1882లో శిష్యుడగు త్విలియే శోధించెను. ఆ బీజమును పావురములగుండ నడపినచో తీవ్రమగుననియు, కుందేళ్లగుండ నడపినచో పందులపట్ల సాధువగుననియు కనుగొని టీకా చేసిరి. ఆ త్విలియే మఱుసటి యేడు కలరా పరిశోధనకై ఐగుప్తుదేశమునకు పోయి, ముప్పదియేండ్లు నిండకయే, ఆ కలరాచేతనే అలెగ్జాండ్రియాలో మరణించెను. పశువులకును మనుష్యులకును మేలు చేయు విద్యయందు ప్రాణములనిచ్చినవారు ఉన్నారని మనము మఱువరాదు.

ఒక జీవిగుండ నడపి బీజమును మార్చు ఈ యనుభవమే పిచ్చికుక్కకాటు చికిత్సకు దారి తీసెను. 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలుని పాశ్చరు సమక్షమున వైద్యుడొకడు మొదటి సూదితో చికిత్స ప్రారంభించెను. పదుమూడు సూదులు వేయగా బాలుడు బ్రతికెను. లోకమంతట పోగైన చందాలతో 1888 నవంబరు 14న పారిసులో పాశ్చరు సంస్థ తెఱవబడెను. 1892లో డెబ్బదవ జన్మదినోత్సవమున దేశదేశముల పండితులు వానిని సన్మానించిరి. 1895 సెప్టెంబరు 28న అతడు దేహము చాలించెను. వాని సంస్థ యడుగున కట్టిన సమాధిగృహమున ఆ దేహము నిలిచియున్నది. గోడలమీద గొఱ్ఱెలు, ఆవులు, కోళ్లు, పట్టుపురుగుల మల్బరీ కొమ్మలు చిత్రింపబడి యున్నవి.

ఈ చరిత్రము దూరదేశపుదైనను మన గడపకు సంబంధము లేనిది కాదు. పాశ్చరు సంస్థలో పనిచేసిన హాఫ్కిన్ పండితుడు 1893లో హిందూదేశమునకు వచ్చి కలరాటీకాను, 1897లో బొంబాయిలో మహామారి టీకాను ప్రచారము చేసెను. పిచ్చికుక్కకాటు చికిత్సకై 1900లో కసౌలీయందును, 1907లో నీలగిరులలోని కూనూరునందును పాశ్చరు పేరిట సంస్థలు వెలసెను. కోళ్ల కలరాకు కారణమగు జీవికి పాశ్చరు పేరే పెట్టి పాశ్చురెల్లా యని పిలుచుచున్నారు. మన సీమలో తొలకరి వానలతో వచ్చి గేదెలను గొంతు వాచి గురకపెట్టునట్లు చేసి ఒకటి రెండు దినములలో చంపు గొంతువాపు వ్యాధికి కారణము ఈ జాతి జీవియే. అందుకే వానలకు ముందే పశువులకు టీకా వేయింపవలెనని పశువైద్యులు చెప్పుదురు. దొమ్మరోగమును మన తెలుగుసీమల గొఱ్ఱెల మందలలో అప్పుడప్పుడు కనబడుచునే యున్నది. టీకా వేయుదినమున పశువును దాచిపెట్టు రైతు తన చేతులార తన సొమ్ము పోగొట్టుకొనుచున్నాడు.

విద్యార్థులారా! బెంగతో ఇంటికి పరుగెత్తి వచ్చిన బాలుడు, సామాన్యుడని పరీక్షకులు వ్రాసిన విద్యార్థి, సగము దేహము పడిపోయిన రోగి, ఒక్కడే యైన ఈ మువ్వురును కలసి ఇంతపని చేసిరి. కన్నదానిని ఉన్నట్లు చూచుట, చూచినదానిని మరల మరల పరీక్షించుట, ఎగతాళికి వెఱవకుండుట వాని వద్ద నేర్వదగినవి. తోడివాని శ్రమకు తగిన పేరు ఇచ్చుట వాని లోపమునుండి నేర్వదగినది. సెలవులకు ఇంటికి పోయినపుడు కొట్టములోని పశువును ఒకసారి తేరిపాఱ చూడుడు. అది మేయుచున్నదా, నెమరువేయుచున్నదా, టీకా వేయించిరా యని పెద్దల నడుగుడు. పాశ్చరునకు మనము చేయగల పూజ అదియే.